శోభ బాయిల ఆకుపచ్చ ఎల్తురు

నర్సంపేటకు పోయే తొవ్వల ఒక ఊరున్నది. పేరు చెప్పను. చెప్పనని హరికృష్ణకు మాటిచ్చిన.

ఆ ఊరికి తూర్పు దిక్కున, పత్తి చేన్ల నడుమ ఒక చేదబాయి. ఇరుకుది. చుట్టూ రాతికట్టు, లోపలికి దిగేటందుకు గోడకు ఇనుప మెట్లు. దాన్ని శోభ బాయి అంటరు. పొద్దుగూకినంక ఆ పేరు గూడ ఎవ్వలు పలుకరు. ‘ఆ బాయి’ అంటరు... అంతే.

పదమూడేండ్ల కింద శోభారాణి అనే పిల్ల అండ్ల పడి సచ్చిపోయింది. పందొమ్మిదేండ్లు. నర్సంపేటల డిగ్రీ చదువుతుండె. తల్లి తిట్టిందని దుంకిందన్నరు. పిల్లను తీసేటందుకు మొండయ్య అనే ఆయన నడుముకు తాడు కట్టుకొని దిగిండు. సగం దూరంలనే ఎవలో గొంతు పట్టుకున్నట్టయిందట. కండ్లు తేలేసిన మనిషిని పైకి గుంజిన్రు. రెండోసారి దిగే ధైర్యం ఎవ్వలు చెయ్యలే. గాలాలు వేసి పిల్లను తీసిన్రు.

అప్పటిసంది ఆ బాయి తీరే మారింది.

గాలి ఆడని రోజు దాని దగ్గరికి పోతే ఒక తియ్యటి వాసన. పీలిస్తే తల తిరుగుతది, కండ్లు మండుతయ్. వెన్నెల్ల తొంగి చూస్తే నీళ్ల మీద నెమలీక రంగులు. బాయి మీదికి వంగిన తుమ్మకు గిజిగాండ్ల గూళ్లు గుత్తులు గుత్తులు ఉండేటియి — ఒక్క ఏడాదిల అన్ని ఖాళీ. ఎవలిదో మేక ఆ నీళ్లు తాగి ఆడ్నే కాళ్లు చాపింది.

ఇంకొకటి. రాత్రి పూట అక్కడ ఆడమనిషి మాట వినొస్తది. ఏడుపు కాదు, అరుపు కాదు. మాట. మెల్లగ... ఎవలతోనో ముచ్చట పెట్టినట్టు.

వరంగల్ మార్కెట్ల మిర్చి బస్తాలు దించి, రాత్రి ట్రాక్టరు మీద వస్తున్న ఇద్దరు ఆ మాట విన్నరు. అండ్ల ఒకాయన మూడు రోజులు జరంతోని లేవలే. ఇగ ఆ తొవ్వ బందైంది. రైతులు అర కిలోమీటరు చుట్టు తిరిగి చేన్లకు పోయిన్రు గని, ఆ బాయి పక్కపొంటి అడుగు పెట్టలే.

ఇదంత ఊరి ముచ్చట. ఇప్పుడు హరికృష్ణ ముచ్చట.

హరికృష్ణ కాజీపేటల మా పక్కింటాయన. వాళ్ల బాపు రైల్వేల గార్డు చేసి దిగిపోయిండు. ఈయన హన్మకొండల ఒక ల్యాబుల పని చేస్తడు. మట్టిల, నీళ్లల్ల ఏ విషం కలిసిందో పట్టుకునుడు, దాన్ని ఎట్ల తీసెయ్యాల్నో చూసుడు — అదీ పని. దెయ్యాలు, భూతాలు అంటే నవ్వే మనిషి. ఈ సంగతి నాకు చెప్పిన రోజు మాత్రం నవ్వలే. చెప్పినంత సేపు నా దిక్కు గూడ చూడలే.

రెండేండ్ల కింద ఆ ఊరి బడికాడి బోరు నీళ్లు వాసన కొట్టుడు మొదలైంది. పిల్లలకు తలనొప్పి, వాంతులు. ఊరోళ్లు ఒక్కటే మాట అన్నరట — “శోభ బడికి గూడ వచ్చింది.”

హెడ్మాస్టరు మాత్రం ఒక సీసాల ఆ నీళ్లు పట్టుకొని, బస్సెక్కి, హన్మకొండకు వచ్చి ల్యాబుల పెట్టిండు.

చూస్తే — అమ్మొద్దని ఎప్పుడో ఆపేసిన పత్తి పురుగు మందు. దాంతోపాటు ఆ మందును కరిగించే నూనెలాంటి ద్రావకం. తియ్యటి వాసన దానిదే.

ఎక్కడ్నుంచి వస్తాంది అది?

హరికృష్ణ, వాళ్ల పెద్ద సైంటిస్టు కావ్య మేడం కలిసి ఆ ఊరికి పోయిన్రు. బాయికి ఎగువన, యాభై అడుగుల దూరంల, పైకప్పు ఎగిరిపోయిన ఒక పాత మందుల గోదాము ఉన్నది. దాని వ్యాపారి ఎన్నడో హైదరాబాదు పోయిండు. గోదాము ఎన్క నేల చూస్తే గడ్డి మొలవని జాగ ఒకటి, మంచమంత.

వాళ్ల ఎంబడి వచ్చిన మొండయ్య ఆ జాగ దిక్కు చూసి, తల వంచుకున్నడు.

“ఆ గుంత నేనే తవ్విన సారు. పాత మందు డబ్బలు, పగిలిన సీసలు... ఎవలన్న చూస్తరు, లోతుగ పాతిపెట్టు అన్నడు ఆయన. కూలికి పోయిన. పాతిపెట్టిన.”

“ఎప్పుడు?”

“శోభ పోయిన దానికి ముందటి ఏడు.”

ఆ మాటను అప్పుడు ఎవ్వలు అంతగ పట్టించుకోలే.

భూమి లోపల నీళ్లు ఎటు పోతున్నయో కంటితోని కనబడది. అది తెలుసుకోవాలంటే ఒక్కటే తొవ్వ — గుంత దగ్గర రంగు పొయ్యాలె, ఆ రంగు ఎక్కడ తేల్తదో కాపు కాసి చూడాలె. ఆ రంగు మనిషికి ఏం కీడు చెయ్యది. కాకపోతే నీలం లైటు పడితే ఆకుపచ్చగ మెరుస్తది. పిసరంత ఉన్నా సరే.

ఒక సోమవారం పొద్దున గుంత దగ్గర తవ్వి, ట్యాంకరు నీళ్లతోని రంగు పోసిన్రు. ఇగ బాయి దగ్గర ఒకలు, బడి బోరు దగ్గర ఒకలు, రెండు గంటలకోసారి సీసాల నీళ్లు పట్టాలె. పగలు, రాత్రి.

కావ్య మేడం బడిల ఉన్నది. శోభ బాయి హరికృష్ణ వంతు.

పొద్దుగూకంగ మొండయ్య వచ్చిండు. చేతిల టిఫిన్ డబ్బ.

“సారూ... రాత్రి ఈడ ఉండకు. బడిల పండుకో. పొద్దుగాల వచ్చి పట్టుకో నీళ్లు.”

“రంగు రాత్రే వస్తే ఎట్ల మొండయ్యా?”

మొండయ్య తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నడు. పదకొండేండ్లయినా ఆ జాగను చూపెట్టుడు మరువలే ఆయన.

“నేను చెప్పిన. ఇగ నీ ఇష్టం.”

డబ్బ ఇచ్చి, ఎన్కకు చూడకుంట పోయిండు.

ఆ సోమవారం రాత్రే అది. అమాస ముందటి రోజు. బాయి పక్కన పాత మోటరు రూము ఉన్నది — తలుపు లేదు, మీద సగం రేకులే. హరికృష్ణ అండ్ల సాప వేసుకున్నడు. ప్రతిసారి బాయిల టార్చి పట్టి వంగి చూడకుంట, నీళ్లకు గజం మీద ఒక చిన్న నీలం లైటును వైరుకు వేలాడదీసిండు. బ్యాటరీ, స్విచ్చి రూములనే తన పక్కన.

పది గంటలకు వేసి చూసిండు. నల్లటి నీళ్లు. రంగు లేదు.

పన్నెండు గంటలకు చూసిండు. నల్లగనే.

గాలి ఆగింది. ఆ తియ్యటి వాసన మెల్లగ రూములకు వచ్చింది. హరికృష్ణ మూతికి మాస్కు కట్టుకున్నడు. దూరంగ ఏదో కుక్క మొరిగి, అదీ ఊకున్నది. పత్తి చేన్ల ఎక్కడ్నో కాయలు చిట్లిన సప్పుడు — పుట్... పుట్...

కన్ను ఎప్పుడు మూత పడ్డదో తెల్వదు.

మెలకువ వచ్చింది. ఫోను అలారం కాదు. వేరే ఏదో.

మాట.

ఆడమనిషి మాట.

“...తిన్నవా?”

హరికృష్ణ కదలలే. కల అనుకున్నడు. చెయ్యి చెంపకు తాకిచ్చుకున్నడు. చెంప సల్లగున్నది, చెయ్యి ఇంకా సల్లగున్నది.

“ఆకలైతాందా... జర తిను...”

రూముకు పది అడుగుల దూరంల. బాయి దిక్కు నుంచి.

వీపు గోడకు ఆనిచ్చి, శ్వాస బిగబట్టిండు. బయట చీకటి. ఆ చీకట్ల బాయి గడ్డ మీద, ఇంకొంచెం నల్లగ... ఒక ముద్ద. మనిషా, మూటనా తెల్వదు. అది ముందుకు ఊగుతాంది, ఎన్కకు ఊగుతాంది.

“పదకొండేండ్లాయె... ఒక్కసారి... ఒక్కటంటె ఒక్కసారి... కనిపియ్యి...”

ఎవల్ని కనిపియ్యమంటాంది? నన్నా?

హరికృష్ణ లేచి ఉరుకుదామనుకున్నడు. లేద్దామని నేలకు ఆనిచ్చిన చెయ్యి పక్కకు జారి, దేనికో తాకింది. టిక్కుమన్నది.

స్విచ్చి.

బాయిల నుంచి ఎల్తురు లేచింది.

నీలం కాదు. ఆకుపచ్చ. వరి నారు మీద పొద్దు పడితే ఎట్లుంటదో అట్ల, కాకపోతే అంతకంటె గట్టిగ, కింద మంట పెట్టినట్టు. బాయి గోడలన్ని ఆకుపచ్చ. తుమ్మకొమ్మలు ఆకుపచ్చ. ఆ కొమ్మల కింద, బాయి గడ్డ మీద ఒక ముఖం. ముసలి ముఖం. తెల్ల జుట్టు ఇరబోసుకొని ఉన్నది. గడ్డం కింది నుంచి ఎల్తురు పడి, కండ్ల జాగల రెండు గుంతలు...

ఆ ముఖం నోరు తెరిచింది.



“వచ్చినవా...” అన్నది ఆ ముఖం. “వచ్చినవా బిడ్డా...”

ఆమె హరికృష్ణను చూస్తలేదు. బాయిల చూస్తాంది. రెండు చేతులు చాపి, నీళ్లల్లకు వంగి, నవ్వుతాంది. నవ్వుతనే ఏడుస్తాంది.

“నా మీద కోపం పోయిందా తల్లీ? నోటికొచ్చి అన్న... ‘పోయి బాయిల దుంకు’ అని ఊకెనే అన్న... ఏ తల్లి అనది? మా అవ్వ నన్ను రోజుకు పదిసార్లు అనేది... నువ్వు నిజమనుకుంటివి... ఎందుకు నిజమనుకుంటివి బిడ్డా...”

గడ్డ మీద ఆమె పక్కన చిన్న గిన్నె. అన్నం, మీద కొంచెం పప్పు.

అప్పుడు అర్థమైంది హరికృష్ణకు. దెయ్యం కాదు ఈమె. దెయ్యం తల్లి. పొద్దుగాల ఊర్ల చూసిన మనిషే — సోమక్క. ఊరి చివర ఇంట్ల ఒక్కతే ఉంటది, ఎవ్వల ఇంటికి పోదు, ఆమె ఇంటికి ఎవ్వలు రారు అని చూపెట్టిండు మొండయ్య. ట్రాక్టరు మీద పోయేటోళ్లు విన్న మాట ఈమెదే. పదకొండేండ్లసంది, ఊరు పండుకున్నంక, రోజూ వచ్చి బాయితోని మాట్లాడుతాంది.

రంగు వచ్చేసింది. గుంతల నుంచి బాయిలకు తొవ్వ ఉన్నదని తేలింది. హరికృష్ణ లేచి సీసాల నీళ్లు పట్టాలె, టైము రాయాలె.

లేవలే.

స్విచ్చి బంద్ చేద్దామని చెయ్యి ముందుకు పెట్టిండు. పెట్టి... ఎన్కకు తీసుకున్నడు. ఎట్ల బంద్ చేస్తడు? పదకొండేండ్లు పిలిస్తే ఇప్పుడు వచ్చింది ఆమె బిడ్డ.

ఆ రాత్రంత సోమక్క మాట్లాడింది. ఇల్లు కురుస్తాంది అన్నది. బర్రె ఈనింది, దూడ ఆడది అన్నది. కాలేజీ బ్యాగు అట్లనే ఉంచిన, ఎలుక కొడితే కుట్టిన అన్నది. హరికృష్ణ గోడకు ఒరిగి, మోకాండ్ల మీద తల పెట్టి, విన్నడు. తెల్లారగట్ల బ్యాటరీ అయిపోయి ఎల్తురు మెల్లగ సన్నబడ్డది.

“పోతానవా? మంచిది... మల్ల రా...” అన్నది సోమక్క. గిన్నె ఆడ్నే పెట్టి, మోకాలు పట్టుకొని లేచి, చీకట్లనే పోయింది.

రెండు గంటలది, నాలుగు గంటలది — రెండు శాంపిళ్లు లేవు. కావ్య మేడం పుస్తకం చూసి అడిగింది.

“ఈ రెండు గడులు ఖాళీగ ఎందుకున్నయ్ హరీ?”

“నిద్ర పోయిన మేడం,” అన్నడు.

తెల్లారేవరకు ఊరంత అదే ముచ్చట. ఎన్నడు ఎవ్వలతోని మాట్లాడని సోమక్క ఇంటింటికి పోయి చెప్పింది — నా బిడ్డ కనిపిచ్చింది, ఆకుపచ్చ ఎల్తురుల కనిపిచ్చింది. విన్నోళ్లు తలుపులు వేసుకున్నరు. ఉన్న భయం రెండింతలైంది. ఆమెకు మాత్రం పదకొండేండ్లల్ల మొదటిసారి ముఖంల కళ వచ్చింది. తలకు నూనె పెట్టుకొని జడ వేసుకున్నది.

హరికృష్ణ దూరం నుంచి చూసిండు. ఏం చెప్పలే. చెప్పుడు ఎందుకు అనుకున్నడు.

శుక్రవారం నాటికి రంగు బడి బోరుల తేలింది. ఇగ అనుమానం లేదు. గుంతల నుంచి బాయికి, బాయి నుంచి బడికి. మందు అట్ల మెల్లమెల్లగ నడిచి పోతాంది. ఇప్పుడు ఆపకపోతే వచ్చే ఏడు ఊర్ల ప్రతి బోరుకు వస్తది.

చెయ్యాల్సినయి రెండు పనులు. గుంతల మట్టి మొత్తం తవ్వి, డ్రమ్ములల్ల నింపి, అసొంటి చెత్తను పెట్టే జాగకు లారీల పంపాలె. బాయికి మోటరు పెట్టి నీళ్లు తోడి, బొగ్గు నింపిన ట్యాంకులల్ల నుంచి పంపి, మందు అండ్ల పట్టుకున్నంక ఇడిచిపెట్టాలె. నెలలు నెలలు తోడాలె.

మోటరు దించేముందు బాయిల గాలి చూడాలె. హరికృష్ణ ఆక్సిజన్ మీటరును తాడుకు కట్టిండు. తాడు మొండయ్య పట్టుకున్నడు. పైన గాలిల ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి చూపెట్టింది మీటరు. దించుతుంటే ఇరవై... పందొమ్మిది... పదిహేను...

సగం దూరంల మీటరు అరిచింది. పైకి గుంజి చూస్తే, కింద గాలి లెక్క తొమ్మిది అని రాసుకొని ఉన్నది.

“తొమ్మిది అంటే ఏంది సారు?” అన్నడు మొండయ్య.

“నేలల కలిసిన మందు కుళ్లుకుంట ఉన్న ఆక్సిజన్ అంత తినేస్తది. దాని ఆవిరి కిందనే నిలుస్తది. అంత తక్కువ గాలిల మనిషికి రెండు నిమిషాలల్ల సోయి తప్పుతది. తెల్వకుంటనే తప్పుతది.”

మొండయ్య తాడును చూస్తాండు. తన చెయ్యి ఉన్న జాగ నుంచి తాడు చివరి దాక, మూరలు లెక్క పెడుతాండు.

“గక్కడ్నే,” అన్నడు మెల్లగ. “నా గొంతు పట్టుకున్నది... గక్కడ్నే.”

హరికృష్ణ ఆయన దిక్కు తిరిగిండు.

“మొండయ్యా... ఆ పిల్లను పైకి తీసినప్పుడు నువ్వు చూసినవా? ఎట్లున్నది?”



“చున్నీ నడుముకు బిగించి కట్టుకొని ఉండె. చెప్పులు గడ్డ మీద పక్కపక్కకు ఇడిచి ఉండె. చేంతాడు తెగి బాయిలనే పడ్డది, దాని కొస పిల్ల చెయ్యికి చుట్టుకొని ఉండె. తాడుతోనే బొక్కెన గూడ పైకొచ్చింది.”

ఇద్దరు ఒకల ముఖం ఒకలు చూసుకున్నరు.

సావాలని పోయే మనిషి చున్నీ నడుముకు ఎందుకు కడ్తది? తెగిన తాడు చేతికి ఎందుకు చుట్టుకుంటది? బొక్కెన జారితే తీద్దామని దిగింది శోభ. ఎప్పుడూ దిగేటట్టే దిగింది. మెట్టు మెట్టు దిగింది. ఆ జాగల మెట్టుకు చిక్కిన తాడు కొసను చేతికి చుట్టుకోంగనే...

“పదకొండేండ్లు,” అన్నడు మొండయ్య. “ఊరంత చూసినం. ఒక్కలం గూడ అనుకోలే.” కొద్దిసేపటికి మల్ల అన్నడు, “గుంత నేనే తవ్విన సారు.” ఈసారి ఆ మాట ఎవల కోసం అన్నడో తెల్వదు. తాడు కింద పెట్టి, చేన్లకు నడిచి, మనిషి ఎత్తు పత్తిల కూసున్నడు.

మోటరు వచ్చిన రోజు సోమక్క బాయి గడ్డ ఎక్కి కూసున్నది.

“నా బిడ్డను తోడిపోస్తరా?” అన్నది. “నన్ను గూడ తోడుండ్రి.”

ఎవ్వలు ఆమె దగ్గరికి పోలే. ఊరి మొగోళ్లు దూరంగ నిలబడ్డరు. తోడితే ఆ పిల్ల ఊరి మీద పడ్తదని వాళ్ల భయం. పోలీసులను పిలుద్దామన్నరు ఒకలిద్దరు. కావ్య మేడం వద్దన్నది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. మోటరు తెచ్చిన లారీ వాడు ఎన్కకు పోతా అన్నడు. బడిల పిల్లలు బయటి నుంచి తెచ్చిన క్యాన్ల నీళ్ల ముందట లైను కట్టి ఉన్నరు.

హరికృష్ణ పోయి సోమక్క ముందట నేల మీద కూసున్నడు.

రెండు సంగతులు చెప్పాలె. ఒకటి ఆమెకు ఇచ్చేది. ఒకటి ఆమె దగ్గర్నుంచి గుంజుకునేది. ఒకటి చెప్పి ఇంకొకటి దాచుడు కుదరది.

“అవ్వా... నీ బిడ్డ దుంకలే.”

సోమక్క ఇనపడనట్టే చూసింది.

“బొక్కెన జారితే తీసేటందుకు దిగింది. ఆ గోదాము మందు నేలల నుంచి బాయిలకు వచ్చింది. లోపల గాలి ఆడకుంటైంది. సోయి తప్పి పడ్డది. మీటరు దించి చూసినం. మొండయ్యను గొంతు పట్టుకున్నది గూడ ఆ గాలే.”

బొక్కెన సంగతి, చున్నీ సంగతి, చెప్పుల సంగతి — అన్ని చెప్పిండు. మెల్లగ, ఒక్కొక్కటి. సోమక్క గడ్డ రాయిని గట్టిగ పట్టుకున్నది. చివరికి అన్నది —

“నా మాటకు కాదా?”

“నీ మాటకు కాదవ్వా.”

“నేనన్న మాట పట్టుకొని కాదా కొడుకా?”

“కాదు. నీళ్ల కోసం పోయింది.”

సోమక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. భుజాలు ఊగుతానయ్. హరికృష్ణ అక్కడ్నే కూసున్నడు. ఎంత సేపు అంటే, ఆయన చెప్పలే నాకు. చానా సేపట్కి ఆమె కొంగు తీసి ముఖం తుడుచుకున్నది. నెత్తి మీది నుంచి పెద్ద బరువు దించినట్టు ఒక శ్వాస తీసింది. తీసి — అట్లనే ఆగింది.

“మరి మొన్న... వచ్చింది కద? ఎల్తురుల వచ్చింది కద?”

హరికృష్ణ తల ఎత్తలేకపోయిండు.

“నేను పోసిన రంగు అవ్వా అది. లైటు నేనే వేసిన. రూముల నేనున్న.”

“రాత్రంత?”

“రాత్రంత.”

“నేను మాట్లాడింది... ఇన్నది నువ్వా?”

“నేనే అవ్వా.”

తిడ్తదనుకున్నడు. కొట్టినా మంచిదే అనుకున్నడు. సోమక్క బాయిలకు ఒకసారి చూసింది. పగటి పూట నల్లటి నీళ్లు, మీద నెమలీక రంగులు. తర్వాత గడ్డ దిగింది. దిగేటప్పుడు హరికృష్ణ చెయ్యి అందిస్తే పట్టుకున్నది.

“మోటరు పెట్టుకోండ్రి,” అన్నది. “పిల్లలు నీళ్లు తాగాలె.”

గుంత తవ్వితే ముప్పై రెండు డ్రమ్ముల మట్టి వచ్చింది. కుళ్లిన డబ్బలు, సగం పగిలిన సీసలు, కొన్నిట్ల ఇంకా మందు ఉన్నది. తవ్వేకాడ మొండయ్య ఉన్నడు. నేను తవ్విన గుంతనే సారూ, డ్రమ్ములు నేనే మోస్త అన్నడు. గ్లౌజులు, మాస్కు లేకుంట దగ్గరికి రావద్దంటే, ఇచ్చినయి తొడుక్కొని చివరి డ్రమ్ము దాక మోసిండు. కూలి ఇస్తే తీసుకోలే.

మోటరు పదునాలుగు నెలలు నడిచింది. పగలు, రాత్రి ఒక్కటే గుంయ్యిమని సప్పుడు. ఆ సప్పుడుకు అలవాటుపడి ఊరోళ్లు ఆ తొవ్వంటి నడుసుడు మొదలుపెట్టిన్రు. ముందుగాల పగటి పూట, తర్వాత పొద్దుగూకినంక గూడ. ఎవ్వలకు ఏ మాట వినబడలే.

సోమక్క బాయి దిక్కు రాలే. అన్నం గిన్నె తేలే. నెలకోసారి శాంపిళ్లకు పోయిన హరికృష్ణ ఆమె ఇంటి ముందుకెల్లి పోతుంటె, అరుగు మీద కూసొని కనబడేది. “తిన్నవా కొడుకా?” అని అడిగేది. తిన్న అవ్వా అనేటోడు. అంతకు మించి ఏం మాట్లాడుకునేటోళ్లు కాదు. ఒక్కసారి మాత్రం అన్నదట — “రాత్రి పూట నిద్ర వస్తలేదు. ఇన్నేండ్లు అప్పుడు లేచి పోయేదాన్ని. ఇప్పుడు లేచి ఎటు పోవాలె?”

మొన్న ఎండకాలం చివరి పరీక్షలు అయినయ్. రిపోర్టు ఊరోళ్లకు చదివి చెప్దామని కావ్య మేడం బడి వరండల అందరిని పిలిచింది. సర్పంచి వచ్చిండు, హెడ్మాస్టరు వచ్చిండు, ఆడోళ్లు పిల్లలను ఎత్తుకొని వచ్చిన్రు. అందరి ఎన్క, గోడ వారకు, సోమక్క.

ఆ మందుల పేర్లు నోరు తిరగనియి. మేడం ఒక్కొక్కటి చదివింది. ప్రతి పేరు పక్కన రాసి ఉన్నది ఒక్కటే మాట.

“కనబడలేదు.”

ఇంకొక పేరు.

“కనబడలేదు.”

శోభ బాయి నీళ్లల్ల తొమ్మిది వెతికిన్రు. తొమ్మిదింటికి తొమ్మిది — కనబడలేదు. పిల్లలు సప్పట్లు కొట్టిన్రు. హెడ్మాస్టరు కండ్లు తుడుచుకున్నడు. చానా ఏండ్లకు ఆ ఊరు పండుగ తీరుగున్నది.

అందరు పోయినంక, జీపుల సామాను సర్దుకుంటున్న హరికృష్ణ దగ్గరికి సోమక్క వచ్చింది. తెల్ల జుట్టు ముడి వేసుకున్నది. మనిషి మరీ చిన్నగయ్యింది.

“ఏం కనబడలేదా కొడుకా?”

“ఏం కనబడలే అవ్వా. బాయి సాఫైంది.”

“అంత లోతుకు చూసినవా?”

“అడుగు దాక చూసినం.”

ఆమె తల ఊపింది. పోదామన్నట్టు రెండడుగులు వేసింది. వేసి, ఆగి, మల్ల వచ్చింది. జీపు డోరు పట్టుకొని, ఎవలన్న వింటరేమో అన్నట్టు అటిటు చూసి, చిన్నగ అడిగింది —

“మల్లొక్కసారి చూడరాదు బిడ్డా...”

హరికృష్ణ పెట్టె తెరిచి, ఒక ఖాళీ సీస తీసుకొని, ఆమె ఎంబడి బాయి దిక్కు నడిచిండు.